ఎవరి కారం వారిది

పోయిన వారం ప్రొద్దుటూరులో ఒక ఫాస్ట్ ఫుడ్ సెంటరుకు పోయి కూర్చున్నాను. గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు వేలాడుతోంది: "ఆర్డరులో మార్పులు చేయబడవు." ఎగ్ రైసులో కారం తగ్గించి, చివర్లో నిమ్మకాయ పిండి ఇవ్వమని అడిగాను. కౌంటరులో ఉన్నాయన ఫోనులోంచి తల ఎత్తకుండానే ఆ బోర్డు వైపు వేలు చూపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బతుకంతా కడాయి ముందు నిలబడి వెళ్లదీసినవాణ్ణి. మనిషికి అన్నం పెడుతూ, నీ నోటికేది ఇష్టమో నాకు చెప్పొద్దు అనే రోజులు వస్తాయని కలలో కూడా అనుకోలేదు.

అందుకే ఇప్పుడిప్పుడే గరిటె పట్టుకుంటున్న పిల్లలారా, ఈ సంగతి మీకోసం రాస్తున్నాను. ముసలాయన సోది అనుకుంటే అనుకోండి, చదవడం మాత్రం మానకండి.

మాది లింగాల పక్క. గొర్రెలు మేపే కుటుంబం. నాకు గొర్రెల వెనక తిరగడం చేతకాక, పులివెందులలో ఒక టిఫిన్ హోటల్లో చేరాను. అక్కడి నుంచి బెంగుళూరు పోయి నూడుల్స్, ఫ్రైడ్ రైసు చేయడం నేర్చుకున్నాను. తిరిగి వచ్చేసరికి జమ్మలమడుగులో కోర్టుకూ బస్టాండుకూ మధ్య కొత్తగా ఒక ఫాస్ట్ ఫుడ్ అంగడి తెరుస్తున్నారని తెలిసింది. దాని ఓనరు బ్రాహ్మణుల ఇంటి మనిషి. తండ్రి కోర్టులో గుమాస్తాగా చేసి పోయాడు. ఈయన గుడ్డు ముట్టడు, వెల్లుల్లి వాసన పడదు. అయినా బోర్డు మీద మొదటి పేరు ఎగ్ ఫ్రైడ్ రైసే. పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని గల్లా పెట్టె దగ్గర కూర్చునేవాడు. తన అంగట్లో చేసిన వంట ఒక్క మెతుకు కూడా ఆయన నోట్లో పెట్టుకునేవాడు కాదు.

మొదట్లో బెంగుళూరులో నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసి పెట్టాను. వంటమాస్టరునన్న పొగరు కొంచెం ఉండేది. నా పొగరు వారం కూడా నిలవలేదు. ఒక రైతు నూడుల్స్ ప్లేటు నా ముందు పెట్టి, "ఏందప్పా ఇది, ఎర్రల మాదిరి ఉండాయి? కారం యాడుంది దీంట్లో? జరమొచ్చినోనికి పెట్టే కూడు మాదిరుంది" అన్నాడు. ఇంకొకాయన సాసు సీసా వాసన చూసి పక్కకు తోసేశాడు.

ఓనరు నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు. "మాస్టరూ, మనం వీళ్లకు తినేది నేర్పియ్యలేము. ఎవరు ఎట్ల అడిగితే అట్ల చెయ్. తినే నోరు వాళ్లది."

ఆ రోజు నుంచి మా అంగట్లో ఒకటి వండినట్టు ఇంకొకటి వండలేదు. ఒక లాయరుకు క్యాబేజీ కనబడకూడదు. ఒక బస్సు డ్రైవరుకు ఫ్రైడ్ రైసు మీద పెరుగు పోయాలి. ఒక అయ్యవారికి నూడుల్స్ సన్నగా తుంచి, గోంగూర ఊరుబిండి, అదే రోటిపచ్చడి, వేసి ముద్ద కలుపుకునేట్టు ఇవ్వాలి. బెంగుళూరులో నాకు పని నేర్పినాయన చూసి ఉంటే గరిటెతో కొట్టేవాడు. జనం మాత్రం బస్సు తప్పిపోయినా సరే అని బెంచీల మీద కూర్చునేవాళ్లు.

ఇన్ని రుచులను మోసేది మా సప్లయరు. మనిషి సన్నం, గొంతు మాత్రం మైకు. కాగితం ముట్టేవాడు కాదు. మనిషి గడప తొక్కగానే ముఖం చూసి అక్కడి నుంచే కేక వేసేవాడు. "మామా, బస్సాయనకు ఒకటి! సాసొద్దు, కారం ఎక్కువ, పెరుగు పైన!" ఒక్కసారి వచ్చిన మనిషి ఏడాదికి మళ్లీ వచ్చినా ఆ రుచి మరిచేవాడు కాదు.

తను మాత్రం అందరూ లేచిపోయాక తినేవాడు. కడాయిలో అడుగంటిన అన్నం గీకి పెట్టించుకుని, దాని మీద చెనిక్కాయల పొడి, అదే వేరుశనగ పొడి, చల్లి, నిమ్మకాయ పిండుకునేవాడు. సాసు లేదు, గుడ్డు లేదు. "ఇదేం తిండప్పా?" అని నేను ఎగతాళి చేస్తే నవ్వేవాడు. "మా ఇంట్లోది ఇట్లనే తింటాది మామా. అడుగంటింది నాకూ ఇంత పెట్టి అలవాటు చేసింది. ఇంగ ఏరేది నోటికి పోదు."

ఆ ఇంట్లోది ఆయన దగ్గర లేదు. అదే ఆయన బాధ.

ఆయనది ముద్దనూరు దారిలో ఒక ఊరు. ఆ ఊళ్లో కిందివీధి, మీదివీధి అని రెండు వీధులు. మొదట్లో అవి వీధులే. పార్టీలు వచ్చి పంచాయతీ ఎన్నికల్లో ఎదురూ బొదురూ నిలబడ్డాక రెండు దేశాలైపోయాయి. బాంబులు పడ్డాయి, మనుషులు పోయారు, రెండు వైపులా కేసులు పడ్డాయి. మా సప్లయరుది కిందివీధి, ఆయన పెండ్లాం పుట్టిల్లు మీదివీధి. ఆమె కాన్పుకు పుట్టింటికి పోయి ఉన్నప్పుడు గొడవ మొదలైంది. ఇక పంపలేదు. ఈయన ఆ వీధిలోకి పోతే తిరిగి రాడు. ప్రాణం దక్కించుకుని జమ్మలమడుగు వచ్చి మా అంగట్లో చేరాడు. ఆడబిడ్డ పుట్టిందన్న కబురు కూడా బస్సు కండక్టరు చెబితే తెలిసింది. బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు.

ఆ ఊరి కేసులు జమ్మలమడుగు కోర్టులోనే నడిచేవి. వాయిదా రోజు రెండు పక్షాల జీపులూ వచ్చేవి. కిందివీధి నాయకుడు కిందింటాయన జీపు బస్టాండు వైపు, మీదివీధి నాయకుడు మీదింటాయన జీపు కోర్టు వైపు ఆగేవి. కిందింటాయన వయసులో చిన్న, మీదింటాయన పెద్ద. ఇద్దరికీ ఆకలేస్తుంది కదా, ఇద్దరూ మా దగ్గరికే వచ్చేవాళ్లు. ఒకరు తిని పోయాకే ఇంకొకరు. ఒకరికి వండిన కడాయిలో ఇంకొకరికి వండితే ముట్టరు. అందుకని మా ఓనరు రెండు కడాయిలు, రెండు గరిటెలు పెట్టించాడు. ఒకదాని చెవికి ఎర్రదారం, రెండోదానికి ఇనుపతీగ. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజుల్లో ఎవరూ నవ్వలేదు.

అంతటితో అయిపోలేదు. ఎవరి పొడి వారిదే. కిందింటాయనకు వెల్లుల్లి వేసి దంచిన ఎర్రకారం లేకుంటే ముద్ద దిగదు. మీదింటాయనకు కడుపు ఆపరేషను అయింది, కారం పడదు, ఉత్త చెనిక్కాయల పొడి కావాలి. రెండూ వాళ్ల ఇండ్లనుంచే స్టీలు డబ్బాల్లో వచ్చేవి. డబ్బాలకు చిన్న చిన్న తాళాలు. తాళంచెవి డ్రైవరు మొలతాడుకు. కారండబ్బాకు తాళం వేసిన జిల్లా ఇంకోటి ఉందేమో నాకు తెలియదు. డబ్బాలు మా అలమారలో ఉండేవి, కిందింటిది బస్టాండు వైపు, మీదింటిది కోర్టు వైపు.

వండేటప్పుడు వాళ్ల డ్రైవరు నా పక్కనే నిలబడి గరిటె వైపు రెప్ప వేయకుండా చూసేవాడు. మీదింటి డ్రైవరు వచ్చినప్పుడల్లా మా సప్లయరు ఏదో ఒక పని కల్పించుకుని స్టవ్వు దగ్గరికి వచ్చేవాడు. గ్లాసులు తుడిచినవే తుడిచేవాడు. డ్రైవరు ఈయన వైపు తిరగడు, తిరిగితే చూసినవాళ్లు ఊరుకోరు. కడాయిలోకే చూస్తూ, నాతో అన్నట్టు అనేవాడు. "నడస్తాందంట." ఇంకో వాయిదాకు, "మాటలొచ్చినాయంట. శానా మాట్లాడ్తాదంట." ప్లేటు తీసుకుని పోయేవాడు. మా సప్లయరు ఆ ఒక్క మాటతో మళ్లీ వాయిదా దాకా బతికేవాడు. కోర్టు వాయిదా కోసం అంత ఆశగా ఎదురు చూసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అట్లా కొన్నేళ్లు గడిచాక రాజీ మాట వచ్చింది. రెండు పక్షాలకూ చుట్టమైన ఒక ముసలాయన కాళ్లరిగేలా తిరిగి ఇద్దరినీ ఒప్పించాడు. కాగితాలు రాసుకున్నారు. అయితే మా వైపు కాగితంతో రాజీ అయినట్టు కాదు. ఇద్దరూ ఒకచోట కూర్చుని ఒకే కడాయిలో వండింది తినాలి. అది తింటేనే రెండు వీధుల జనం నమ్ముతారు. ఒకరింటికి ఒకరు రారు. గుడిలో అన్నా ఒప్పుకోలేదు, గుడి ఏ వీధిలో ఉందనే గొడవ. చివరికి ముసలాయన మా అంగడి పేరు చెప్పాడు.

ముందురోజే వచ్చి మాకు కట్టుబాట్లన్నీ వివరించాడు. "కడాయి ఒకటే. గరిటె ఒకటే. నువ్వు ఈనికి ఒక మాదిరి, ఆయనకు ఒక మాదిరి చేస్తే కుదరదు. ఏ ఒక్కరు ప్లేటు తోసినా ఇంగ నేను జల్మలో అడగను. వాళ్లూ కూచోరు." తర్వాత మా సప్లయరు వైపు తిరిగాడు. "నువ్వే వడ్డించల్ల. కిందివీధి కొడుకువి, మీదివీధి అల్లునివి. రెండిండ్లోనివి నువ్వొక్కనివే ఉండావు ఈడ."

సప్లయరు తల ఊపాడు గానీ, ముసలాయన పోయాక నా చెయ్యి పట్టుకున్నాడు. "మామా, రేపు ఇద్దరూ తింటే నా బిడ్డ వస్తాది. తినకపోతే ల్యా. ఎట్ల చేస్తావో ఏమో, నీ ఇష్టం."

ఎట్లా చేయాలి? కారం వేస్తే పెద్దాయన తినలేడు. వేయకపోతే చిన్నాయన రెండో ముద్ద ఎత్తడు. ఇంతకాలం ఎవరి రుచి వాళ్లకు అమర్చిన చేతికి, అందరికీ ఒకటే రుచి చేయమంటే దారి తోచలేదు. ఓనరును అడిగాను. ఆయన "కడాయిలో ఏం ఏయాకు మాస్టరూ. ఏసేదేదో వాళ్లనే ఏసుకోనీ" అన్నాడు.

అంతే. మరునాడు మధ్యాహ్నం రెండు పాత కడాయిలూ పక్కన పెట్టి కొత్తది ఒకటి స్టవ్వు మీదికెక్కించాను. నూనె, జీలకర్ర, ఉప్పు, అన్నం. వేరే ఏమీ లేదు. రెండు డబ్బాలూ తాళాలు తీసి బల్ల మీదికి రావాలని ముసలాయనతో చెప్పించాను. ఆయన ఒప్పుకుని, "ముందర ఎవరన్నా నోట్లో పెట్టుకోవల్ల గదా" అన్నాడు. ఎవరూ కదలకముందే మా ఓనరు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి ఒక ముద్ద తిన్నాడు. గుడ్డు లేదు, వెల్లుల్లి లేదు, ఆయన ఆచారానికి అడ్డమే లేదు. "బాగుండాది మాస్టరూ, ఇన్నాళ్లూ ఇది ఎందుకు చెయ్యలేదు?" అన్నాడు. ఆ భయంలోనూ నాకు నవ్వు వచ్చింది.

మొదటి పేచీ కూర్చోవడం దగ్గర వచ్చింది. మా లోపలి బల్లకు రెండు బెంచీలు. ఒకటి గోడకు ఆనుకుని రోడ్డుకు ఎదురుగా ఉంటుంది. రెండో దాని మీద కూర్చుంటే వీపు రోడ్డు వైపు ఉంటుంది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలని ముసలాయన లెక్క. కానీ ఆ కాలంలో ఏ నాయకుడైనా రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంటాడా? ఇద్దరూ గోడ బెంచీ వైపే నడిచారు. ఎవరూ తగ్గలేదు. గుమ్మం దగ్గర రెండు పక్షాల మనుషులు చూస్తూ నిలబడ్డారు. చివరికి ఇద్దరూ అదే బెంచీ మీద చెరొక కొసకు కూర్చున్నారు, ఒకే గోడకు వీపులు ఆనించి, ఒకే రోడ్డును చూస్తూ. ఎదురు బెంచీ ఖాళీగా ఉండిపోయింది.

ఈ పంతంలో మీదింటాయన బస్టాండు వైపు కొసకు వచ్చాడు, కిందింటాయన కోర్టు వైపు. మా సప్లయరు ఇది గమనించలేదు. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, ఎర్రకారం డబ్బా బస్టాండు వైపు పెట్టింది, చెనిక్కాయల పొడి డబ్బా కోర్టు వైపు పెట్టింది. ప్లేట్లు పెట్టి రెండడుగులు వెనక్కి వేశాక అప్పుడు చూసుకున్నాడు. కారం పడని పెద్దాయన ముందు కారం, కారం లేనిదే తినని చిన్నాయన ముందు చప్పటి పొడి. ముందుకు పోయి మార్చడానికి లేదు, వాళ్లిద్దరి మధ్యలోకి ఇప్పుడు చెయ్యి పెడితే గుమ్మం దగ్గరున్నవాళ్లు ఏమనుకుంటారో.

ఇద్దరూ డబ్బాల వైపు చూశారు. ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టలేదు. ఒకరితో ఒకరు మాట్లాడి ఎన్నేళ్లయిందో. కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడు కూడా ముసలాయనతోనే మాట్లాడారు తప్ప ఒకరినొకరు పలకరించలేదు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. రోడ్డు వైపే చూస్తూ, "ఆ డబ్బా ఇట్ల జరుపప్పా" అన్నాడు.

కిందింటాయన డబ్బాను జరపలేదు. దాన్ని తన దగ్గరికి లాక్కుని, మూత తీసి, ఒక చెంచాడు పొడి తన అన్నం మీద వేసుకున్నాడు. ఎదుటి పక్షం ఇంటినుంచి వచ్చిన పొడి అది. కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. అప్పుడు డబ్బా పెద్దాయన వైపు తోస్తూ, "మీ ఇంట్లో ఇంగా ఉప్పు తక్కువే ఏస్తారే అన్నా" అన్నాడు.

కిందింటాయన చదువుకునే రోజుల్లో మీదింట్లో తిని తిరిగినవాడని నాకు తర్వాత తెలిసింది. పెద్దాయన తన ముందున్న ఎర్రకారం డబ్బా మూత తీశాడు. నేను వద్దు వద్దనుకుంటూనే ఉన్నాను, ఆయన చిటికెడు కారం తీసి అన్నం మీద చల్లుకుని తిన్నాడు. ఒక్క క్షణం బాగానే ఉన్నాడు. తర్వాత దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, ముఖమంతా ఎర్రబడింది, కళ్లలోంచి నీళ్లు కారాయి. గుమ్మం దగ్గర మీదింటి మనుషులు ఒక్కసారిగా లోపలికి వచ్చారు. కిందింటి వాళ్లు వాళ్లకు అడ్డం వచ్చారు. మా ఓనరు గల్లా పెట్టె మీద రెండు చేతులూ వేసి కళ్లు మూసుకున్నాడు.

పెద్దాయన దగ్గుతూనే చెయ్యెత్తాడు. "యాడికి వస్తాండారురా? కారంరా నాయనా, కారం! నీళ్లియ్యండి!"

నీళ్ల చెంబు అందించింది కిందింటాయన. ఎవరు ముందు నవ్వారో చెప్పలేను. పెద్దాయన నీళ్లు తాగి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. గుమ్మం దగ్గరున్నవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ప్లేట్లు రెండూ ఖాళీ అయ్యాయి. మా సప్లయరు మూల నిలబడి పైగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. డబ్బాలు సరిగ్గా పెట్టి ఉంటే ఇద్దరూ చెరొక వైపు తిని, మూతి తుడుచుకుని లేచిపోయేవాళ్లు, ఒక్క మాట కూడా పుట్టేది కాదు.

ఆ తర్వాత ఆ ఊళ్లో పూలు పూశాయని చెప్పను. తర్వాతి ఎన్నికలకు ఇద్దరూ ఒకే పార్టీలో చేరి టికెట్టు కోసం కొట్లాడుకున్నారు. కానీ ఆ కొట్లాట మైకుల్లో జరిగింది. ఆ ఊరినుంచి మళ్లీ శవం రాలేదు. ఇనుపతీగ కట్టిన కడాయిని ఓనరు బయట చెట్టుకు నీళ్లు పోయడానికి వాడుకున్నాడు.

రాజీ అయిన కొన్నాళ్లకు, బస్సులు దిగే రద్దీ వేళ, ఒక చిన్నపిల్ల మా అంగడి మెట్టెక్కి వచ్చింది. రెండు జడలు, కొత్త గౌను. రోడ్డు అవతల ఒకామె సంచీ పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మీదింటి డ్రైవరు ఆమె పెట్టె దించుతున్నాడు. నాకు విషయం అర్థమైంది. సప్లయరు లోపల బల్ల తుడుస్తున్నాడు, అటు చూడలేదు.

"ఏం గావాల పాపా?" అని నేను అడిగాను.

"మా నాయన తినేట్ల చేయి" అంది ఆ పిల్ల.

తల్లి చెప్పి పంపిందో, తనకే అలా తోచిందో, ఇప్పటికీ నాకు తెలియదు. ఆ మాటకు సప్లయరు తిరిగి చూశాడు. పిల్లను చూశాడు, రోడ్డు అవతల నిలబడినామెను చూశాడు. చేతిలో గుడ్డ జారిపోయింది. మెల్లగా వచ్చి పిల్ల ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు గానీ, జమ్మలమడుగు బస్టాండంతా వినబడే గొంతులోంచి ఒక్క అక్షరం రాలేదు.

నాకూ కళ్లు మసకలు కమ్మాయి. అయినా మాస్టరును కదా. "ఆర్డరు చెప్పప్పా, కడాయి కాలిపోతాంది" అన్నాను.

"పాపకు ఒకటి మామా" అన్నాడు. గొంతు పెగిలింది. "సాసొద్దు, గుడ్డొద్దు! అడుగంటిచ్చి గీకల్ల! చెనిక్కాయల పొడి పైన, నిమ్మకాయ పిండు! కారం..."

అక్కడ ఆగిపోయాడు. ఊరందరి రుచులూ తెలిసిన మనిషికి ఆ ఒక్కటి తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని బిడ్డ ముఖంలోకి చూస్తూ అడిగాడు. "కారం ఎంత ఏయమంటావు తల్లీ?"

ఆ పిల్ల బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి చూపించింది. "రోంత."

"కారం రోంతే మామా!" అని మా సప్లయరు అరిచిన అరుపు కోర్టు దాకా వినబడి ఉంటుంది.